ఏదైనాసరే గారు కోరుకున్న ఊరు

మార్చి 3

మరదలు పిల్లకి,

దీవెనలు ఉత్తరం చివర్లో రాస్తాను, అప్పటికి రాయబుద్ధి అయితేనే. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, పోయినసారి నువ్వు మాట మధ్యలో పెట్టేశావు, అంతకుముందు నేను పెట్టేశాను. కాగితం మీదైతే ఎవరి మాట వాళ్ళు పూర్తి చేసుకోవచ్చు.

నిన్న సాయంత్రం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. ఏదో సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగి ఒకటే ప్రశ్న అడుగుతోందట. ఈ భూమ్మీద ఎక్కడైనా ఉండొచ్చు అంటే మీరు ఎక్కడ ఉండాలనుకుంటారు అని. పక్కింటి టైపిస్టు ఏదో మంచుకొండల పేరు చెప్పిందట. ఎదురింటి డ్రైవరు తన అత్తగారికి అడ్రసు దొరకని ఊరు ఏదైనా చాలన్నాడట. నేను తలుపు పట్టుకుని నిలబడి, తీరిగ్గా ఆలోచించుకుంటున్నాను. ఇన్నేళ్ళకి నన్ను ఒకరు అడిగారు కదా, కాస్త మంచి ఊరే చెబుదామని. ఈలోపు మీ అన్నయ్య చెప్పేశారు.

మీ అన్నయ్య సంగతి నీకు కొత్తా? పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆ మనిషి నోట ఒక్క కోరిక వినలేదు. టీయా కాఫీయా అంటే ఏదైనా సరే. నీలం చొక్కానా తెల్లదా అంటే ఏదైనా సరే. మా కుట్టు షాపులో ఆడవాళ్ళందరూ ఆయనకి ఏదైనాసరే గారు అని పేరు పెట్టుకున్నారు. అలాంటి మనిషి బూట్ల లేసులు విప్పుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "మా చెల్లెలుండే రేవు ఊరు. వాళ్ళ మేడమీద గది" అన్నారు. ఆ అమ్మాయి ఊరి పేరు సరిగ్గా రాసుకుందో లేదో అని రెండోసారి కూడా చెప్పారు.

భూమంతా ముందు పరిచి ఎంచుకోమంటే నీ మేడమీద గది. ఏం మందు పెట్టావో చెప్పు. నాకు తెలియకుండా ఆయన పనిచేసే లిఫ్టుల డిపోకి ఉత్తరాలు రాస్తున్నావా?

ఇక్కడి కబురు ఒకటి ఉంది. మా ఓనరమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించీ కత్తిరించీ నా బొటనవేలికి కాయ కాసింది. ఇన్నాళ్ళకి ఆ కటింగ్ బల్లా, షాపు తాళాలూ నాకే అప్పగిస్తానంది. మీ అన్నయ్యకి చెబితే బాగుంది అన్నారు, అంతే. నీ గది గురించి మాత్రం రెండుసార్లు చెప్పారు.

రాయబుద్ధి కాలేదు. దీవెనలు ఈసారికి లేవు.

నీ వదిన

* * *

మార్చి 12

కోపాల వదినకి,

నువ్వు ఎగ్గొట్టిన దీవెనలు నేనే తీసేసుకున్నాను. నీ ఉత్తరం పడవ టికెట్ల కౌంటర్లో కూర్చుని, ఆఖరి పడవ వెళ్ళాక చదివాను. నా నవ్వు విని పక్క కిటికీ ఆయన చిల్లర లెక్క తప్పాడు.

నేను ఏ మందూ పెట్టలేదు. నాకు అంత తెలివే ఉంటే పదిహేనేళ్ళ కిందటే పెట్టేదాన్ని. డిపోకీ రాయలేదు. రాసినా అన్నయ్య జవాబిస్తాడా? ఇన్నేళ్ళలో నాకు సొంతంగా రాసిన ఉత్తరాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా సంగతి పాతబడ్డాక వచ్చేవి. ఫోన్లో అయితే ఊఁ తప్ప అనడు. ఇక్కడికి వచ్చిన రెండుసార్లూ రేవు ఆఫీసులో ఆగిపోయిన లిఫ్టు బాగుచేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. గది వంక సరిగ్గా చూసినట్టు కూడా నాకు గుర్తులేదు. లోపల దాచుకున్నాడన్నమాట.

నీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా రాస్తాను. అమ్మా నాన్నా పోయాక నాకు జడవేసి బడికి పంపింది అన్నయ్యే. నా జడ గ్రీజు వాసన వస్తోందని బళ్ళో పిల్లలు ఏడిపించేవాళ్ళు. నాకు ఆ వాసనే ఇష్టం. నువ్వు కొత్త కోడలివై వచ్చిన వారానికే అన్నయ్య దువ్వెన నా చేతికిచ్చి, ఇక నువ్వే వేసుకోమ్మా, పెద్దదానివయ్యావు అన్నాడు. వారం ముందు నేను పెద్దదాన్ని కాదా? ఆ దువ్వెన విసిరికొట్టిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది, నీ అద్దానికే తగిలింది.

మనిషి సన్నబడ్డాడా? నీ నాలుగో అంతస్తు కిటికీలోంచి గోడౌన్ గోడ తప్ప ఏమీ కనపడదు కదా. ఎంతకాలమని ఆ గోడనే చూస్తాడు పాపం. ఇక్కడ ఈ మధ్య సాయంత్రం గాలి మరీ బాగుంటోంది. మేడమీద కిటికీ తెరిస్తే కర్టెన్ కప్పుకి తగులుతోంది. పడవలు దీపాలు వేసుకుని రావడం మంచం మీద నుంచే కనిపిస్తుంది.

షాపు నీ చేతికి వస్తున్నందుకు సంతోషం. ఇక ఇంటికి ఏ వేళకి చేరతావో ఏమో. అన్నయ్యకి ఇంకో తాళంచెవి చేయించి ఇవ్వు.

గెలిచిన మరదలు

* * *

మార్చి 20

గెలిచిన మరదలికి,

నీ ప్రతి ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించడం నాకు అలవాటు. నీ గాలి సంగతీ పడవల సంగతీ చదివి, పెట్టిపుట్టింది మీ చెల్లెలు అని ఒక నిట్టూర్పు విడుస్తాను. అది నా మర్యాద. ఈసారి వచ్చింది ఆయనకి వినిపించలేదు, బియ్యం డబ్బా వెనక పడేశాను.

సన్నబడలేదు. నడుం దగ్గర రెండుసార్లు ప్యాంట్లు వదులు చేసింది నేనే.

సంగతి నేను అనుకున్నదానికంటే ముదిరింది. మొన్న ఇంటికొచ్చేసరికి మీ అన్నయ్య టేపు పెట్టి బీరువా కొలుస్తున్నారు. ఎందుకని అడిగితే ఊరికే అన్నారు. ఊరికే బీరువా కొలిచేవాళ్ళని నువ్వెప్పుడైనా చూశావా? నిన్న పడుకోబోతూ, సముద్రపు గాలికి కుట్టుమిషను తుప్పు పడుతుందా అని అడిగారు. ఎటు తిప్పి ఎటు తెస్తున్నారో చూడు. అక్కడ నా మిషను తుప్పు పడుతుంది, కాబట్టి నేను రానక్కర్లేదు అన్నమాట. పట్టేదైతే పడుతుంది, నాకేం వద్దు, మీ ఇష్టం మీది అన్నాను. అది విని ఆయన నవ్వుకున్నారు. దుప్పటి కప్పుకుని మరీ నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దున్న డిపోలో పనిచేసే ఆయన భార్య మా షాపుకి వచ్చి అసలు మాట చెప్పింది. మీ ఊరి బ్రాంచికి బదిలీ కావాలని మీ అన్నయ్య అర్జీ పెట్టుకున్నారట. నెల కిందటే. నాతో ఒక్క మాట లేదు.

మొగుడు వేరే ఆడదాని వెంట పడితే నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు. చెల్లెలి వెంట పడితే ఎవరికి చెప్పుకోవాలి? విన్నవాళ్ళు నన్నే తిడతారు. నువ్వు అదృష్టవంతురాలివి, నీకు ఎదురు చెప్పే వీల్లేకుండా పుట్టావు.

తీసుకుపో మీ అన్నని. నాకు షాపుంది.

వదిన

* * *

మార్చి 29

వదినకి,

సరే, తీసుకుంటాను.

నువ్వు కోపంలో అన్నావని తెలుసు. అయినా నాకు వినపడింది ఆ ఒక్క మాటే. మేడమీద అద్దెకున్న వయొలిన్ మాస్టారిని ఖాళీ చేయమన్నాను. ఆయన మూతి ముడుచుకుని, శిష్యులందరిచేతా సామాన్లు మోయించుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, నాకు చెవులు లేవని ఆ పిల్లలకి చెప్పాడు. గోడలకి లేత ఆకుపచ్చ వేయించాను. అన్నయ్యకి ఏ రంగు ఇష్టమో అడగక్కర్లేదు కదా, ఏదైనా సరే. పనిముట్ల కోసం కిటికీ పక్కన చెక్క అరలు కొట్టించాను. మంచం ఒకటే వేశాను. నీకు షాపుంది కాబట్టి నువ్వు సెలవులకి వస్తే కింద నా గదిలో పడుకోవచ్చు.

కౌంటర్లో అందరికీ చెప్పాను, మా అన్నయ్య వచ్చేస్తున్నాడని. ఏం పని చేస్తాడంటే లిఫ్టులకి డాక్టరు అని చెప్పాను. నిన్న ఒకావిడ అవతలి ఒడ్డుకి టికెట్ అడిగితే పరధ్యానంలో రానూపోనూ ఇచ్చేశాను.

నాకు ఇంత సంతోషం ఎప్పుడూ లేదు వదినా. నువ్వు బాధపడతావని తెలిసీ దాచుకోలేకపోతున్నాను. నువ్వు కూడా వస్తానంటావేమో అని మాత్రం ఒక పక్క భయంగా ఉంది. వస్తే వద్దనలేను. నువ్వు రాకపోతే మాత్రం నాకు హాయి. ఇలా రాయడం తప్పని తెలుసు. ఒకప్పుడు మీ ఇద్దరూ ముందు గదిలో మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లో ఒక్కదాన్నే పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. ఒక్క పేజీ తిరిగేది కాదు. ఇప్పుడు నీ వంతు.

మరదలు

* * *

ఏప్రిల్ 7

మరదలికి,

నీ పోయిన ఉత్తరానికి తగిన జవాబు నా దగ్గరుంది. ఇప్పుడు ఇవ్వను, నీతో అవసరం పడింది.

నిన్న బదిలీ ఆర్డరు వచ్చింది. హెడ్ మెకానిక్ కుర్చీ వదులుకుని, మామూలు మెకానిక్‌గా మీ బ్రాంచిలో చేరతానని ఒప్పుకున్నారట. ఆ కాగితం నా కటింగ్ బల్ల మీద, కత్తెర పక్కన పెట్టి, పెళ్ళినాడు కూడా అలా మెరవని మొహంతో, "నీ కోరిక తీరింది" అన్నారు.

నా కోరికేమిటి అన్నాను.

"నీ మరదలు ఉత్తరం వచ్చిన ప్రతిసారీ చూస్తున్నాను కదా. చదివి నిట్టూరుస్తావు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ గోడ వంక చూస్తూ నిలబడతావు. అక్కడ ఉండాలని నీకెంత ఉందో నాకు తెలీదనుకున్నావా?"

నేను చేతిలోని సుద్దముక్క కింద పడేసుకున్నాను. ఆ సర్వే అమ్మాయి అడిగినప్పుడు కూడా ఆయన చెప్పింది నా జవాబేనట. నేను మొహమాటపడి చెప్పలేకపోతున్నానని ఆయనే అందుకున్నారట. బీరువా కొలిచింది అది నీ మేడమెట్లు ఎక్కుతుందా లేదా అని. మిషను సంగతి అడిగింది నేను దాన్ని అక్కడికి తెచ్చుకుంటాను కాబట్టి.

పెళ్ళాం కుళ్ళుని కోరిక అనుకునే మొగుడు ఇంకెక్కడైనా ఉంటాడా చెప్పు. నీ గాలి నాకెందుకు? చల్లగాలి తగిలితే నాకు చెవిపోటు. సముద్రం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నీకుంది, నాకు లేదు, అదే నా బాధ. ఆ బాధ నాకు బాగానే ఉంది, దానితో నాకు కాలక్షేపం అవుతోంది. అది నిజంగా వచ్చి నా ఒళ్ళో పడితే ఏం చేసుకోను?

నాకు వద్దండీ అన్నాను. నాకు షాపు కావాలి, ఆ బల్ల కావాలి, ఆ గోడే నాకు బాగుంది అన్నాను. మీ అన్నయ్య నా భుజం తట్టి, "నువ్వు వద్దన్నావంటే కావాలనేగా" అన్నారు. తప్పు నాదే అనుకో. పెళ్ళైన కొత్తలో ఉంగరం కొంటానంటే వద్దన్నాను, నిజంగానే కొనలేదని నెల్లాళ్ళు మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆయన నేర్చుకున్న పాఠం అదొక్కటే, దాన్ని గట్టిగా నేర్చుకున్నారు. ఎంత గట్టిగా వద్దంటే అంత కావాలని రాసుకుంటున్నారు. నిన్న రాత్రి ఏడ్చి చెప్పాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

పోనీ మీకు ఎక్కడ ఉండాలని ఉంది, అది చెప్పండి అన్నాను. ఏదైనా సరే అన్నారు.

ఇక నువ్వే దిక్కు. ఈ నెలాఖరులోపు వద్దనుకుంటే బదిలీ ఆగుతుంది, ఆ కుర్చీ కూడా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నా మాట నమ్మరు, నీ మాటైతే నమ్ముతారు. రావద్దని నువ్వు ఒక్క ఉత్తరం రాయి. ఏ కారణం రాసినా పర్వాలేదు. నీకు నేను అంటే పడదని నాకు తెలుసు, నాకూ నువ్వు పడవు. అయినా అడుగుతున్నాను.

దీవెనలతో,
వదిన

* * *

ఏప్రిల్ 14

వదినకి,

నావల్ల కాదు.

మా అన్నయ్య నాకోసం రావట్లేదు అని చెప్పడానికి ఇన్ని పేజీలు రాశావు. అర్థమైంది. పదిహేనేళ్ళలో ఒక్కసారి ఒక కోరిక కోరాడనుకుంటే అది కూడా నీదే. నా గది, నా గాలి, నేను రాసిన ఉత్తరాలు, అన్నీ కలిపి నీకు ఇద్దామనుకున్నాడు.

అయినా రానీ. ఎందుకొస్తేనేం, వస్తాడు కదా. పొద్దున్న మెట్లు దిగేటప్పుడు చప్పుడు నాకు వినిపిస్తుంది. నీ కోసమే టీ పెట్టనీ, గిన్నె నాది కదా. నువ్వు మొహం ముడుచుకుని కూర్చున్నా పర్వాలేదు, రెండో మంచం కూడా వేయిస్తాను. కౌంటర్లో రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు, మీ లిఫ్టు డాక్టరుగారు ఎప్పుడొస్తారని. వాళ్ళకి ఏమని చెప్పను?

షాపులు ఏ ఊళ్ళో అయినా ఉంటాయి. ఉత్తరం రాయను.

మరదలు

* * *

ఏప్రిల్ 19

మరదలికి,

మళ్ళీ అడగడానికి రాయట్లేదు. నీ స్థానంలో నేనున్నా రాయనుగాక రాయను.

ఇవాళ ఓనరమ్మ తాళాలు ఇచ్చింది. సాయంత్రం నేనే షట్టరు దించాను. నెలాఖరుకి వేరే ఎవరినైనా చూసుకోమని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక తాళాలు ఇంటికి తెచ్చుకున్నాను.

మీ అన్నయ్య సంగతి కూడా రాస్తాను, నీకు కాక ఎవరికి రాయను. పనిముట్లన్నీ గుడ్డతో తుడిచి వరసగా పేర్చుకుంటున్నారు. పేర్చినవి మళ్ళీ తీసి తుడుస్తున్నారు. మీ రేవు ఊళ్ళో మొత్తం కలిపి లిఫ్టులు రెండేనట. ఇక్కడ ఏ మేడకి వెళ్ళినా తాడు చప్పుడు విని రోగం చెప్పే మనిషి. నిన్న పదో అంతస్తు ఎక్కి, ఏ పనీ లేకపోయినా లిఫ్టు మిషన్ గదిలో చాలాసేపు కూర్చుని వచ్చారట. అక్కడ రోజంతా ఏం చేస్తారు అని అడిగాను. నువ్వు గాలికి కూర్చుంటావు కదా, చూస్తూ కూర్చుంటాను అన్నారు.

ఇలాంటి మనిషిని ఏం తిట్టను?

వదిన

* * *

ఏప్రిల్ 28

వదినకి,

నీ పోయిన ఉత్తరంలో, చూస్తూ కూర్చుంటానని అన్నయ్య నీతో అన్న మాట చదివాక ఆ పూట అన్నం తినలేదు. జాలితో కాదు. నన్ను అలా చూస్తూ కూర్చుంటానన్నవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు.

తర్వాత రాశాను. గది ఖాళీ లేదని రాస్తే వేరే ఇల్లు వెతుక్కుంటాడు. గాలిలో ఉప్పు ఎక్కువని రాస్తే మిషనుకి నూనె పూస్తాడు. మా ఊళ్ళో లిఫ్టు పని దొరకదంటే నీకోసం అది కూడా ఓర్చుకుంటాడు. అందుకని ఒకటే రాశాను. అన్నయ్యా, నాకు ఒంటరిగా ఉండటం అలవాటైపోయింది, నువ్వు దగ్గరుంటే నాకు ఇబ్బంది, నువ్వు రాకు. అంతే రాశాను. సంతకం దగ్గర చెయ్యి ఆగింది, చిట్టచివరికి అదీ పెట్టాను.

పోస్టు చేసి వచ్చాక నాకు భయం వేయలేదు. అన్నయ్య ఆ మాట నమ్మడని నా ధైర్యం. నన్ను పెంచినవాడు, నా గొంతు తెలిసినవాడు. అది చదివిన మరుక్షణం దీనికేదో అయిందని బయలుదేరి వచ్చేస్తాడనుకున్నాను. పడవ ఆగినప్పుడల్లా టికెట్లు ఇవ్వడం మానేసి, దిగేవాళ్ళ మొహాలు చూశాను. రాగానే ఏమని తిట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

తిరుగు టపాలో జవాబు వచ్చింది. నాకు ఎప్పుడూ వెంటనే రాయని మనిషి ఆ రోజుకి ఆ రోజే రాశాడు. ఇదిగో, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. "అమ్మాయికి, నీకు ఇబ్బంది అయితే వద్దులేమ్మా. బదిలీ ఆపించుకున్నాను. మీ వదినకి కొంచెం కష్టంగా ఉంటుంది, నేను సర్దిచెబుతాను. ఆరోగ్యం జాగ్రత్త."

నువ్వు ఏడ్చి చెప్పినా నీ వద్దుని కావాలి అనే విన్నాడు. నా వద్దు మాత్రం చదివిన వెంటనే నమ్మేశాడు. ఒక్కసారి, నిజమా అని అడగలేదు.

వయొలిన్ మాస్టారు తిరిగి రానన్నాడు. గది ఖాళీగానే ఉంది. షాపు ఎలా సాగుతోందో రాయి వదినా. చదివి కుళ్ళుకుంటాను, అయినా రాయి.

మరదలు